అక్క పళ్ళ వేర్లు అరిగాయి, చెల్లికి క్లిప్పులు వేయించొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది కావలి. నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దమ్మాయికి ఎత్తుపళ్ళని పదిహేనో ఏట క్లిప్పులు వేయించాం. నాలుగు పళ్ళు తీసి, రెండున్నరేళ్ళు తీగలు బిగిస్తా వచ్చారు. పళ్ళు చక్కగా వరసకొచ్చాయని సంతోషించాం. ఇప్పుడు దానికి పందొమ్మిదేళ్ళు. మొన్న జ్ఞానదంతం నొప్పని ఇంకో డాక్టరు దగ్గరికి పోతే ఎక్స్‌రే తీసి, "పైన ముందుపళ్ళు నాలుగింటికీ వేర్లు కురచయ్యాయి, ఒకదానికి దాదాపు మూడోవంతు పోయింది, మీకెవరూ చెప్పలేదా?" అన్నారు. ఆ రోజు నుంచి అది జామకాయ ముట్టదు, జంతిక కొరకదు. అద్దం ముందు నిలబడి వేలితో పళ్ళు కదిపి చూసుకుంటా ఉంటుంది.

చిన్నమ్మాయికి పన్నెండు నిండాయి. దానివీ అచ్చం అక్కలాగే ఎత్తుపళ్ళు. స్కూల్లో ఏడిపిస్తున్నారు, నాకూ క్లిప్పులు కావాలంటోంది. మా అత్తగారు, అంటే నా సొంత మేనత్తే, ససేమిరా అంటున్నారు. "మన రక్తంలోనే ఉంది, మేనరికం చేసుకున్న పాపం పిల్లల పళ్ళ మీద పడింది, రేపు పెళ్ళి కావాల్సిన పిల్లలు" అంటారు. నేను కనిగిరి వైపు పల్లెలో పుట్టి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినదాన్ని, నా పళ్ళ నిండా గోధుమరంగు మచ్చలే. అదేమైనా పిల్లలకు వచ్చిందా? జీన్ టెస్టు చేయిస్తే తెలిసిపోతుందని మా తమ్ముడంటాడు. పెద్దదాని పళ్ళు రాలిపోతాయా? చిన్నదానికి వేయించమంటారా, వద్దంటారా?
– ఒక తల్లి, కావలి

సమాధానం: అమ్మా, ముందు మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్నకు జవాబు చెబుతాను. పెద్దమ్మాయి పళ్ళు రాలిపోవు. చిన్నమ్మాయికి క్లిప్పులు వేయించవచ్చు. అయితే అక్కకు జరిగిన సంగతి మొదటి రోజే డాక్టరు బల్ల మీద పెట్టి, దాన్ని బట్టి వైద్యం నడిపించుకోవాలి. మీ అత్తగారు "రక్తంలో ఉంది" అన్న మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం నుంచి ఆమె తీసిన తీర్పు మాత్రం సరికాదు.

క్లిప్పులు వేసినప్పుడు పన్ను ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య వెంట్రుకంత సందులో మెత్తటి నారపొర ఉంటుంది. తీగ పంటిని ఒక వైపుకు నెట్టినప్పుడు ఆ వైపు నారపొర నలుగుతుంది. అక్కడ ఎముకను తినే కణాలు చేరి దారి చేస్తాయి. వెనక వైపు కొత్త ఎముక పుడుతుంది. అలా పన్ను మెల్లగా జరుగుతుంది. ఒత్తిడి ఎక్కువై నారపొరలో రక్తం ఆడకపోతే ఆ ముక్క చచ్చుబడుతుంది. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన కణాలు పక్కనే ఉన్న వేరు పైపొరను కూడా గీకేస్తాయి. వేరు మీద సూక్ష్మమైన గుంటలు పడేది ఇలాగే. క్లిప్పులు వేసుకున్న దాదాపు అందరిలోనూ ఇవి పడతాయి, ఒత్తిడి ఆగాక చాలావరకు కొత్త పొరతో పూడిపోతాయి. గుంటలు వేరు కొసన పడి కొస విరిగి కురచైతే మాత్రం ఆ పొడవు తిరిగి రాదు. పిల్లకు నొప్పి తెలియదు, వాపు ఉండదు, ఎక్స్‌రే తీస్తే తప్ప ఎవరికీ కనపడదు. మీకు ఇన్నాళ్ళూ తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇది కొత్తగా బయటపడిన సంగతి కూడా కాదు. 1927లోనే అమెరికాలో ఆల్బర్ట్ కెచమ్ అనే ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పులు వేసి పళ్ళ వరస సరిచేసే డాక్టరు) ఎక్స్‌రేలు చూపించి తన తోటివాళ్ళను హెచ్చరించాడు. పై ముందుపంటి వేరు సుమారు 13 మిల్లీమీటర్లు ఉంటుంది. క్లిప్పులు వేసుకున్న చాలామందికి అందులో ఒకటి రెండు మిల్లీమీటర్లు తగ్గుతుంది, దానితో ఏ ఇబ్బందీ రాదు. 4 మిల్లీమీటర్లో, మూడోవంతుకు మించో పోయేది నూటికి ఒకరి నుంచి ఐదుగురి వరకు. మీ పెద్దమ్మాయి ఒక పన్ను ఆ గీత దగ్గర ఉంది, మిగతా మూడు దానికన్నా నయం.

ఇక వంశం సంగతి. ఒకే డాక్టరు, ఒకే పద్ధతి, ఒకే రకం తీగలు వాడినా ఒకరి వేరు చెక్కుచెదరదు, ఇంకొకరిది కరిగిపోతుంది. ఈ తేడా ఎక్కడిదని వెతికితే దారి కుటుంబాల వైపు పోయింది. 1997లో ఎడ్వర్డ్ హారిస్, ఆయన సహచరులు క్లిప్పులు వేసుకున్న అక్కచెల్లెళ్ళ, అన్నదమ్ముల జంటలను 103 తీసుకుని ఎక్స్‌రేలు కొలిచారు. ఒకరి వేరు అరిగితే తోడబుట్టినవారిదీ అరగడం బాగా కనపడింది. మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో సుమారు 70 శాతం వంశంతో ముడిపడి ఉందని వాళ్ళ లెక్క తేలింది.

ఈ 70 అంకె విని గుండెలు బాదుకునేవాళ్ళను చూశాను కాబట్టి కాస్త ఆగి చెబుతాను. అక్కకు వేరు అరిగింది కాబట్టి చెల్లెలికి 70 శాతం అరుగుతుందని దీని అర్థం కాదు. ఓ గుంపులో కొందరికి ఎక్కువ అరిగి కొందరికి తక్కువ అరిగితే, ఆ హెచ్చుతగ్గుల్లో ఎంత భాగం పుట్టుకతో వచ్చిందీ అని వేసిన లెక్క అది. ఒక పిల్లకు ఏం జరుగుతుందో ఆ అంకె చెప్పదు. పైగా తోడబుట్టినవాళ్ళు రక్తంతో పాటు ఇంకా చాలా పంచుకుంటారు. వేర్ల ఆకారం ఒకటే ఉంటుంది, దవడ కట్టు ఒకటే ఉంటుంది, ఎత్తుపళ్ళూ ఒకేలా ఉంటాయి. దాంతో ఇద్దరికీ ఒకే తరహా వైద్యం, పళ్ళను అంతే దూరం వెనక్కి లాగడం జరుగుతాయి. మీ ఇంట్లోనే చూడండి, చిన్నమ్మాయి పళ్ళు అచ్చం అక్కలాగే అని మీరే రాశారు. వంశం నేరుగా వేరును కరిగించడం ఒకటైతే, వేరు మీద ఎక్కువ భారం పడే నోటి కట్టును ఇవ్వడం ఇంకొకటి. ఈ రెండో దాన్ని మంచి వైద్యంతో చాలావరకు అదుపులో పెట్టవచ్చు.

జీన్ల వరకు వెళ్ళి చూసినవాళ్ళూ ఉన్నారు. 2003లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీ నుంచి అల్-కవాస్మీ, హార్ట్స్‌ఫీల్డ్ బృందం 35 కుటుంబాల మీద చేసిన పరిశోధన బాగా పేరుకొచ్చింది. శరీరంలో వాపునూ ఎముక కరగడాన్నీ నడిపించే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థం ఉంది. దాన్ని తయారుచేసే జీన్‌లో ఒకానొక రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వచ్చిన పిల్లల్లో వేరు 2 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ అరిగే అవకాశం 5.6 రెట్లు అని వాళ్ళు చెప్పారు. కారణం కూడా నమ్మదగ్గట్టే ఉంది. ఆ పదార్థం తక్కువగా తయారైతే ఎముక త్వరగా కరిగి దారి ఇవ్వదు. దారి దొరకని ఒత్తిడి అంతా వేరు కొస మీద నిలిచిపోతుంది. అంటే వేరు మెత్తనిదై అరగడం లేదు, ఎముక మొండికేయడం వల్ల వేరు అరుగుతోంది. చాలామంది తల్లులు "మా పిల్ల పళ్ళు బలహీనమా, క్యాల్షియం చాల్లేదా" అని అడుగుతారు. కాదమ్మా, పాలు ఎక్కువ తాగించి ఉంటే ఆగి ఉండేదని మీరు బాధపడాల్సిన పని లేదు.

అయితే అదే పరిశోధనలో ఇంకో అంకె ఉంది, దాన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు. పై ముందుపళ్ళ అరుగుదలలో ఉన్న తేడాలో ఆ జీన్ వివరించగలిగింది 15 శాతమే. ఆ తర్వాత వేరే దేశాల్లో, వేరే జనాల్లో చూసినప్పుడు కొన్నిచోట్ల ఆ జీన్‌కు సంబంధం కనపడింది, కొన్నిచోట్ల అసలు కనపడలేదు. ఎముక తినే కణాలను మేల్కొలిపే జీన్లు, ఆస్టియోపాంటిన్ జీన్, పీ2ఎక్స్7 అనే గ్రాహకం జీన్ ఇలా మరికొన్ని పేర్లు వరసగా వచ్చాయి. ఏ ఒక్కటీ ఒంటరిగా వేరును కరిగించడం లేదు. చిన్న చిన్న ప్రభావాలు చాలా కలిసి, వాటి మీద తీగ బలం, వైద్యం పట్టిన కాలం, పన్ను జరిగిన దూరం చేరినప్పుడు ఫలితం తేలుతుంది.

అందుకే మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి, జీన్ టెస్టుకు డబ్బు పోయొద్దు. రిపోర్టులో ఏదో ఒక రూపం ఉందని వచ్చినా, లేదని వచ్చినా డాక్టరు చేయాల్సిన పనిలో తేడా రాదు. "లేదు" అని వస్తే మాత్రం ధీమాతో ఎక్స్‌రేలు మానేసే ప్రమాదం ఉంది. మీ దగ్గర అంతకన్నా విలువైనది ఇప్పటికే ఉంది, అది పెద్దమ్మాయి ఎక్స్‌రే. అవే తల్లిదండ్రుల రక్తం, అదే నోటి కట్టు, నిజమైన తీగలు, నిజమైన రెండున్నరేళ్ళు. వాటన్నిటి ఫలితం ఆ ఫిల్ము మీద అచ్చుపడి ఉంది. చిన్నమ్మాయి విషయంలో దాన్ని మించిన పరీక్ష ఏ ల్యాబూ ఇవ్వలేదు.

మేనరికం మాట. దగ్గర చుట్టరికంలో పెళ్ళి చేసుకుంటే, ఒకే తాత దగ్గర నుంచి వచ్చిన ఒకే జీన్ లోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. ఒక్క జీన్‌తో వచ్చే కొన్ని అరుదైన జబ్బుల్లో దాని ప్రభావం నిజంగానే ఎక్కువ, ఆ విషయంలో మన జిల్లాల్లో ఇంకా మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. కానీ వేర్లు అరగడం ఆ కోవలోది కాదు. ఇందులో పాలుపంచుకునే జీన్ రూపాలు మామూలు జనంలో విరివిగా ఉండేవే. ఏ చుట్టరికమూ లేని ఇళ్ళల్లో, విదేశాల్లో కూడా పిల్లలకు ఇదే జరుగుతోంది. ఇందాక చెప్పిన కుటుంబాలన్నీ అమెరికావే కదా. పాపం తగిలిందన్న మీ అత్తగారి భయం మనవరాళ్ళ మీద ప్రేమ వల్ల వచ్చింది. ఆమెకు కోపంగా కాకుండా ఈ సంగతి విడమరిచి చెప్పండి. మీరు మాత్రం మీ పెళ్ళిని తప్పుగా తలుచుకోవద్దు.

నీళ్ళ సంగతి. మీ పళ్ళ మీద మచ్చలు చిన్నప్పుడు, పంటి పింగాణీ తయారయ్యే వయసులో తాగిన నీళ్ళ వల్ల వచ్చాయి. అది రక్తంలో చేరి బిడ్డలకు పోయే లక్షణం కాదు. కావలి నీళ్ళు తాగి పెరిగిన మీ పిల్లల పళ్ళు ఎలా ఉన్నాయో చూస్తే మీకే తెలుస్తుంది. ఫ్లోరైడ్ వల్ల వేర్లు ఎక్కువ అరుగుతాయా అని టర్కీలో చూశారు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళ ఊళ్ళ పిల్లల పళ్ళ వేర్లలో గుంటలు పెరగలేదు సరికదా, బలంగా లాగినప్పుడు తగ్గినట్టే కనిపించాయి. ఫ్లోరైడ్ మచ్చలున్న పంటికి క్లిప్పు సరిగా అంటుకోక ఊడొస్తుంటుంది, మన దగ్గర ఆ ఇబ్బంది నిజం. వేరుకు దానితో పేచీ లేదు.

మరి పెద్దమ్మాయికి ఎందుకు అంత అరిగింది? మీరు రాసిన దాన్ని బట్టి వంశం కాకుండా కనీసం రెండు కారణాలు కళ్ళకు కడుతున్నాయి. నాలుగు పళ్ళు తీసి ఆ ఖాళీలోకి ముందుపళ్ళను వెనక్కి లాగారు. వేరు కొస ఎంత దూరం జరిగితే అరుగుదల అంత ఎక్కువ. రెండున్నరేళ్ళు పట్టింది, కాలం పెరిగేకొద్దీ కూడా అంతే. మూడోది మీరే గుర్తు చేసుకోవాలి. చిన్నప్పుడు ఎప్పుడైనా పడి ముందుపళ్ళకు దెబ్బ తగిలిందా? దెబ్బతిన్న పంటి వేరు తొందరగా లొంగిపోతుంది. నాలుగింటిలో ఒకటే ఎక్కువగా అరిగిందంటే ఆ ప్రశ్న అడగాల్సిందే.

ఇదంతా ఆ డాక్టరు తప్పు అనగలమా? వేరు అరగడం దానంతట అది తప్పు కాదు. ఎంత మంచి చేతిలోనైనా జరుగుతుంది. కానీ మొదలుపెట్టే ముందే ఇలా జరగవచ్చని చెప్పడం, మధ్యలో ఒకసారి ఎక్స్‌రే తీసి చూడడం, అరుగుదల కనపడితే తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడడం, ఇవి మా బాధ్యత. చెప్పలేదంటే ఆ బాధ్యత నెరవేరలేదనే నేను అంటాను. మీరు అడగలేదు కదా అనే సాకు చెల్లదు. తెలియని సంగతిని ఎవరు అడుగుతారు?

పెద్దమ్మాయి ఇప్పుడు ఏం చేయాలి? క్లిప్పులు తీసిన తర్వాత లాగే బలం ఉండదు కాబట్టి అరుగుదల ఆగిపోతుంది. అది ఏడాదికేడాది పెరిగే జబ్బు కాదు. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు వేర్లు అరిగిన 100 మందిని క్లిప్పులు తీసిన సగటున 14 ఏళ్ళకు మళ్ళీ పిలిచి చూసి 1989లో ప్రచురించారు. పళ్ళు ఎక్కువగా కదులుతున్నట్టు కనిపించింది ఇద్దరిలోనే. ముల్లంగి మట్టిలో నిలబడేది పై లావు భాగం పట్టుతో, కింద సన్నని తోకతో కాదు. పంటి వేరు కూడా అంతే. కొసన 3 మిల్లీమీటర్లు పోతే కలిగే నష్టం, పైన చిగురు దగ్గర 1 మిల్లీమీటరు ఎముక పోవడంతో సమానం.

అందుకని ఆ పిల్లకు అసలు శత్రువు చిగుళ్ళ జబ్బు. కొస ఎలాగూ కురచైంది, పైన పట్టు కూడా పోగొట్టుకోకూడదు. ఆరు నెలలకోసారి పళ్ళు క్లీనింగ్ చేయించండి. బ్రష్ చేసేటప్పుడు రక్తం కనపడితే ఆ వారమే చూపించండి. క్లీనింగ్‌తో పళ్ళు వదులవుతాయనే మాట మన ఊళ్ళల్లో గట్టిగా పాతుకుపోయింది, దాన్ని అసలు చెవిన పెట్టకండి. మూసి కొరికినప్పుడు పై ముందుపళ్ళ మీద కింది పళ్ళు గట్టిగా తగులుతున్నాయేమో ఒకసారి చూపించండి. తగులుతుంటే కాస్త సరిచేస్తే సరిపోతుంది. ఏడాది తర్వాత ఆ నాలుగు పళ్ళకూ చిన్న ఎక్స్‌రేలు తీయించి ఇప్పటి వాటి పక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే ఇక దాని గురించి ఆలోచించడం మానేయవచ్చు. ఇక మీదట పళ్ళు కొంచెం పక్కకు జరిగినా మళ్ళీ క్లిప్పులు వేయించకండి. రిటైనర్ (క్లిప్పులు తీశాక పళ్ళు కదలకుండా పట్టి ఉంచే పరికరం) ఇచ్చి ఉంటే మానకుండా పెట్టుకోమనండి.

ఒక హెచ్చరిక. వేరు కురచైందని ఎవరైనా ఆ పళ్ళకు రూట్ కెనాల్ చేద్దామన్నా, ముందుగానే పీకి ఇంప్లాంట్లు పెడదామన్నా ఒప్పుకోకండి. క్లిప్పుల వల్ల కొస అరిగిన పంటిలో నరం బతికే ఉంటుంది. బతికున్న పంటికి రూట్ కెనాల్ చేస్తే వేరు పొడవు పెరగదు. సొంత పన్ను నిలబడి ఉన్నంత కాలం దానికి సాటి ఏదీ లేదు.

జామకాయను ముక్కలు కోసి ఇవ్వండి, కొన్నాళ్ళు పోయాక తనే కొరుకుతుంది. వేలితో పళ్ళు కదిపి చూసుకోవడం మాత్రం మాన్పించండి. ఏ పన్నయినా పట్టుకుని ఊపితే ఇసుమంత కదులుతుంది, నారపొర ఉన్నది అందుకే. ఆ కదలిక చూసి భయపడడం, భయపడి మళ్ళీ కదపడం, ఆ పిల్లను పట్టి పీడిస్తున్నది అదే. డాక్టరు చేత ఒకసారి సరిగ్గా పరీక్ష చేయించి, ఎంత కదలిక ఉందో ఆ పిల్లకే నేరుగా చెప్పించండి. మీరు చెబితే ఓదార్పు అనుకుంటుంది.

ఇక చిన్నమ్మాయి. ఎత్తుపళ్ళను అలాగే వదిలేయడం కూడా క్షేమం కాదు. పై పళ్ళు 3 మిల్లీమీటర్లకు మించి ముందుకు వచ్చిన పిల్లల్లో పడినప్పుడు ఆ పళ్ళకు దెబ్బ తగిలే అవకాశం సుమారు రెట్టింపు. స్కూల్లో ఏడిపించడాన్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. పన్నెండేళ్ళ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంటే ఆ అలవాటు ఎన్నో ఏళ్ళు వదలదు.

పన్నెండేళ్ళు అనేది మీకు కలిసొచ్చే వయసు. కింది దవడ వెనక్కి ఉండడం వల్ల పై పళ్ళు ఎత్తుగా కనపడుతుంటే, ఎదిగే వయసులో తీసి పెట్టుకునే కొన్ని పరికరాలతో కొంత సర్దుబాటు చేయవచ్చు. అప్పుడు ముందుపళ్ళను వెనక్కి లాగాల్సిన దూరం తగ్గుతుంది, వేరు మీద భారమూ తగ్గుతుంది. ఆడపిల్లలు పెద్దమనిషి అయ్యే నాటికి ఎదుగుదల ఉధృతి దాటిపోతుంటుంది. కాబట్టి "ఇంకో రెండేళ్ళు చూద్దాం" అనకుండా ఇప్పుడే చూపించండి. అందరికీ ఇది పనికొస్తుందని చెప్పను, దవడల ఎక్స్‌రే చూసి తేల్చాలి. అక్కకు నాలుగు పళ్ళు తీశారు కాబట్టి చెల్లికీ తీయాల్సిందే అనుకోవద్దు. తీయక తప్పదంటే ఎందుకో అడగండి.

డాక్టరు దగ్గరికి అక్క పాత ఎక్స్‌రేలు పట్టుకుని వెళ్ళండి, క్లిప్పులకు ముందువీ, తర్వాతవీ. చిన్నమ్మాయికి ఓపీజీతో (పళ్ళు, దవడలు అన్నీ ఒకేసారి పడే పెద్ద ఎక్స్‌రే) పాటు పై ముందుపళ్ళు నాలుగింటికీ విడిగా చిన్న ఎక్స్‌రేలు తీయమనండి. ఓపీజీలో ముందుపళ్ళు మసకగా, సాగినట్టు పడతాయి, అరుగుదల ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది. (మొన్న పెద్దమ్మాయికి "మూడోవంతు" అన్నది ఓపీజీ చూసి అయితే, విడి ఎక్స్‌రేలో కొంత నయంగా తేలవచ్చు.) వేర్ల కొసలు ఎలా ఉన్నాయో చూపించమనండి. కొస సన్నగా పిప్పెట్‌లా, అంటే చుక్కలు వేసే గొట్టం మొనలా సాగి ఉన్నా, మొద్దుగా ఉన్నా, వంకరగా ఉన్నా జాగ్రత్త రెట్టింపు కావాలి. గోళ్ళు కొరికే అలవాటు, నాలుకతో పళ్ళను నెట్టే అలవాటు, ఆయాసం, అలర్జీ ఉంటే దాచకుండా చెప్పండి. పడి దెబ్బ తగిలిన సంగతీ చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైన తేదీ క్లిప్పులు వేసిన ఆరు నుంచి తొమ్మిది నెలల మధ్య వస్తుంది. ఆ నాలుగు పళ్ళకూ అప్పుడు మళ్ళీ ఎక్స్‌రే తీయాలి. స్వీడన్‌లో లెవాండర్, మాల్మ్‌గ్రెన్ 1988లో చూపించింది ఇదే. ఆ సమయానికి వేరు బాగున్న పంటికి చివరికి పెద్ద నష్టం జరగడం అరుదు. ఆ సమయానికే స్పష్టంగా అరుగుదల మొదలైన పంటికి ముప్పు ఎక్కువ. అలా కనపడితే తీగను బలం లేకుండా వదిలేసి రెండు మూడు నెలలు విరామం ఇవ్వాలి. విరామం ఇచ్చిన పళ్ళలో తర్వాతి అరుగుదల చాలా తగ్గిందని వాళ్ళే 1994లో చూపించారు. విరామం తర్వాత కూడా ఆగకపోతే అక్కడికి ఆపేయడమో, అనుకున్నంత అందం రాకపోయినా సరిపెట్టుకోవడమో చేయాలి. చిన్నమ్మాయికి ఈ సంగతి మొదట్లోనే చెప్పి పెట్టండి, మధ్యలో చెబితే శిక్షలా ఉంటుంది.

డాక్టరును నేరుగా అడగండి: "ఆరో నెలలో ఎక్స్‌రే తీస్తారా? అరిగితే ఆపుతారా?" సంతోషంగా అవునంటే ఆయన దగ్గర మొదలుపెట్టండి. "మా దగ్గర అలాంటివి జరగవు" అంటే ఇంకొకరిని చూసుకోండి. ఆరు నెలల్లో పూర్తిచేస్తామనే ప్రకటనల జోలికి పోకండి. తీగలకు బదులు పళ్ళకు తొడిగే, కనపడని ప్లాస్టిక్ అలైనర్లతో వేరు అరగదని కూడా చెబుతుంటారు. కొన్ని పరిశోధనల్లో కాస్త తక్కువ అరిగిన మాట నిజమే, అసలు అరగకపోవడం మాత్రం లేదు. ఆ ఒక్క కారణానికి అప్పు చేసి అలైనర్లు కొనొద్దు.

కావలిలో ఆర్థోడాంటిస్ట్ ఉండి, ఆ రెండు ప్రశ్నలకూ సరైన జవాబు ఇస్తే ఊళ్ళోనే మొదలుపెట్టండి. దూరం పెరిగితే అపాయింట్‌మెంట్లు తప్పుతాయి, తప్పినకొద్దీ వైద్యం సాగుతుంది, సాగినకొద్దీ వేరుకు చేటు. రెండో అభిప్రాయం కావాలనుకుంటే నెల్లూరులో నారాయణ డెంటల్ కాలేజీలో ఆర్థోడాంటిక్స్ విభాగం ఉంది, ఒక పూట పని.

పెళ్ళి మాట మీ అత్తగారు ఎత్తారు కాబట్టి ఒక్క మాట. పంటి వేరు కొస కొంత తగ్గిందని ఏ సంబంధం వాళ్ళకూ చెప్పాల్సిన పని లేదు, దాచానన్న భయమూ అక్కర్లేదు. అది జబ్బు కాదు, బిడ్డలకు అంటించే లోపమూ కాదు. ఇంట్లో ఆ మాట ఆడపిల్లల చెవిన పడేలా మళ్ళీ మళ్ళీ అనుకోవడం మాత్రం వద్దు.

పాత ఎక్స్‌రేలు ఇంట్లో లేకపోతే మొదట చూసిన డాక్టరు దగ్గర అడగండి, పోట్లాట లేకుండా అడిగితే ఇస్తారు. అక్కడ లేకపోతే ఎక్స్‌రే తీసిన సెంటర్‌కు పెద్దమ్మాయి పేరు, సుమారు నెల, సంవత్సరం చెప్పండి. కంప్యూటర్‌లో ఉంటే మళ్ళీ ఫిల్ము వేసి ఇస్తారు, లేదా ఫైలు పంపిస్తారు. ఫిల్ముకు సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి తీసుకెళ్తే వేరు కొసలు తెలియవు, అసలు ఫిల్ము గానీ ఫైలు గానీ తీసుకెళ్ళండి.